గాస్కెట్ వేసే ముందు తలం తుడవడం: మెరిస్తే సరిపోదు

ఇంజిన్ బ్లాక్‌కీ, దానిపైన మూతలా కూర్చునే సిలిండర్ హెడ్‌కీ మధ్య లీకు రాకుండా వేసే పలుచని పొరే హెడ్ గాస్కెట్. కొత్తది వేసిన కొన్నాళ్లకే మళ్లీ కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం) లీకవుతుంటే అందరూ ముందు తిట్టేది గాస్కెట్‌నే. దాని పైనా కిందా ఉన్న లోహపు తలాలు ఎలా ఉన్నాయి, వాటిని ఎవరు దేనితో గీకారు అన్నది ఎవరూ అడగరు. నన్నడిగితే మొదటి అనుమానం అక్కడే పడాలి.

ఆ పలుచని గాస్కెట్ చేసే పని చిన్నదేమీ కాదు. ఒకపక్క సిలిండర్‌లో మండే గ్యాస్, టర్బో డీజిల్ అయితే దాని పీడనం 150 బార్ కూడా దాటుతుంది, అంటే మన చుట్టూ ఉన్న గాలి పీడనానికి 150 రెట్లకు పైనే. పక్కనే కొన్ని మిల్లీమీటర్ల దూరంలో కూలెంట్, దాని పీడనం ఒకటి రెండు బార్‌లు. ఇంకోపక్క ఆయిల్. ఈ మూడూ ఒకదాంట్లో ఒకటి కలవకూడదు. పైగా చాలా ఇంజిన్లలో హెడ్ అల్యూమినియం, బ్లాక్ పోత ఇనుము. అర మీటరు పొడవున్న హెడ్ 80 డిగ్రీలు వేడెక్కితే అల్యూమినియం దాదాపు 0.9 మిల్లీమీటర్లు సాగాలని చూస్తుంది, ఇనుము అందులో సగం. బోల్టులు ఎంత బిగించి పట్టుకున్నా, ఇంజిన్ వేడెక్కి చల్లారిన ప్రతిసారీ ఆ రెండు తలాలూ గాస్కెట్‌ని మధ్యలో పెట్టుకుని కొద్దికొద్దిగా ఒరుసుకుంటూనే ఉంటాయి.

పాతకాలం గ్రాఫైట్ రకం గాస్కెట్లు మెత్తగా ఉండి చిన్నచిన్న గరుకుతనాన్ని తమలో ఇముడ్చుకునేవి. ఇప్పుడు ఎక్కువగా వస్తున్నవి ఉక్కు రేకుల్ని పొరలుగా పేర్చినవి, వాటి పైన రబ్బరులాంటి పూత ఉంటుంది కానీ అది వెంట్రుక మందం కూడా ఉండదు. లోతైన గీతని అది ఎక్కడ పూడుస్తుంది? అందుకే ఈ రకానికి తలం గరుకుతనం సుమారు 0.8 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) లోపు ఉండాలని తయారీదారులు చెబుతుంటారు. అదెలా కొలుస్తామని టెన్షన్ పడక్కర్లేదు, వేలిగోరు పెట్టి అడ్డంగా లాగండి, గోరు ఎక్కడైనా తట్టుకుందంటే అక్కడ ఆలోచించాల్సిందే.

అసలు గొడవ పాత గాస్కెట్ ముక్కల దగ్గర మొదలవుతుంది. అవి ఏళ్ల తరబడి వేడికి కాలి లోహానికి అంటుకుపోయి ఉంటాయి, గోకితే రావు, విసుగొస్తుంది. అప్పుడు చెయ్యి డ్రిల్లుకి తగిలించే రుద్దుడు డిస్క్ మీదకి పోతుంది. రెండు నిమిషాల్లో తలం అద్దంలా మెరుస్తుంది, చూసినవాళ్లు శభాష్ అంటారు. కానీ అల్యూమినియం మెత్తని లోహం, డిస్క్ ఒకచోట కాస్త ఎక్కువసేపు ఆగితే అక్కడ పల్లం పడుతుంది. చాలా ఇంజిన్లలో తలం ఎగుడుదిగుడు 0.05 మిల్లీమీటర్లు మించితేనే ఒప్పుకోరు, అలాంటి పల్లం కంటికి కనపడదు కూడా.

అంతకంటే పెద్ద ప్రమాదం ఆ డిస్క్ నుంచి రాలే పొడి. అందులో ఉండేది సాధారణంగా అల్యూమినియం ఆక్సైడ్, మోస్ కాఠిన్య కొలమానంలో 9, దానిపైన ఉన్నది వజ్రమే. ఈ పొడి ఆయిల్ దారుల్లోకి, సిలిండర్ అంచుల్లోకి జారిపోతుంది. పిస్టన్లు తిప్పే ఇరుసు, అంటే క్రాంక్‌షాఫ్ట్‌, బేరింగ్‌లో ఏ ఆయిల్ పొర మీద తేలుతూ తిరుగుతుందో అది కొన్ని మైక్రాన్లే, బేరింగ్ పైపూత మెత్తని లోహం. రేణువు వచ్చి ఆ మెత్తని పూతలో దిగబడితే ఎమెరీ పేపర్ అతికించినట్టే, షాఫ్ట్ తిరిగినంతసేపూ కోస్తూ ఉంటుంది. ఫిల్టర్ ఉంది కదా అంటారా? ఫిల్టర్ దాటాక ఉన్న దారిలో పడ్డ పొడి నేరుగా బేరింగ్‌కే పోతుంది. జనరల్ మోటార్స్ ఈ డిస్కులు వాడొద్దని తన సర్వీస్ టెక్నీషియన్లకు బులెటిన్ ఇచ్చి మరీ చెప్పింది.

కాబట్టి నిదానంగా చేసే పద్ధతే మంచిది. ముందు సిలిండర్లలో శుభ్రమైన గుడ్డలు కుక్కి, నీళ్ల కన్నాలు, ఆయిల్ కన్నాలు మూసేయాలి. పిస్టన్ అంచు చుట్టూ కాస్త గ్రీజు రాస్తే రాలిన చెత్త దానికే అంటుకుంటుంది, తర్వాత తుడిచేయొచ్చు. గాస్కెట్ రిమూవర్ కొట్టి డబ్బా మీద రాసినంతసేపు వదిలేస్తే గట్టిగా ఉన్న పొర ఉబ్బి, అంచులు పైకి లేస్తాయి, అప్పుడు ప్లాస్టిక్ స్క్రేపర్‌ని తలానికి దాదాపు ఆనించి తోస్తే పట్టీలు పట్టీలుగా ఊడి వస్తుంది. ఉక్కు స్క్రేపర్ మూల ఒక్కసారి దిగిందా, అల్యూమినియం మీద గీత పడ్డట్టే. ఆ రిమూవర్ చర్మాన్నీ పెయింట్‌నీ కూడా తినేస్తుంది, గ్లవ్స్ లేకుండా, తలుపులు మూసుకుని పని చేయొద్దు. బాగా పాత ఇంజిన్ అయితే గాస్కెట్‌లో ఊపిరితిత్తులకు హాని చేసే ఆస్‌బెస్టాస్ పీచు ఉండొచ్చు, పొడిగా గోకకుండా తడిపి తీయాలి. రాలినదాన్ని వాక్యూమ్‌తో పీల్చాలి, గాలి కొడితే చెత్త ఎక్కడికి పోకూడదో అక్కడికే పోతుంది. ఆస్‌బెస్టాస్ అనుమానం ఉంటే మాత్రం మామూలు వాక్యూమ్ వద్దు, అది సన్నని దుమ్ముని మళ్లీ గదిలోకే వదులుతుంది, తడిగుడ్డతో ఎత్తడమే మేలు.

బోల్టు కన్నాల్ని చాలామంది మర్చిపోతారు. అడుగు మూసుకున్న కన్నంలో కూలెంటో ఆయిలో మిగిలి ఉండగా బోల్టు బిగిస్తే, ద్రవం నలగదు కాబట్టి ఒత్తిడంతా గోడల మీద పడి బ్లాక్ పగిలిపోవచ్చు. పగలకపోయినా, ఎంత బలంతో బిగించామో చూపే టార్క్ రెంచ్ అబద్ధం చెబుతుంది. మామూలుగానే మనం పెట్టే బలంలో సుమారు 10 శాతం మాత్రమే బోల్టుని సాగదీసి హెడ్‌ని నొక్కుతుంది, మిగతాదంతా రాపిడికే పోతుంది. మరల్లో మురికి ఉంటే ఆ 10 శాతంలోనూ కోత పడుతుంది. ట్యాప్ వేసి కొత్తగా కోయకుండా, మరల్ని శుభ్రం చేసే చేజర్ వాడితే చాలు.

చివర్లో స్ట్రెయిట్ ఎడ్జ్‌ని (తిన్నని లోహపు బద్ద) పొడవునా, అడ్డంగా, మూల నుంచి మూలకి పెట్టి కింద ఫీలర్ గేజ్ (సందు కొలిచే పలుచని రేకు) దూరుతుందేమో చూడాలి. నీళ్ల కన్నాల చుట్టూ తినేసిన గుంటలుంటే ఎంత తుడిచినా లాభం లేదు, మెషిన్ షాపుకి పంపాల్సిందే. గోరుకి తగలని మరక మాత్రం ఉంటే ఉండనివ్వండి, రంగు మారిన లోహం లీక్ చేయదు. అసిటోన్‌తోనో బ్రేక్ క్లీనర్‌తోనో పీచు రాలని గుడ్డతో తుడిచి, ఆరనిచ్చి, గాస్కెట్‌ని పొడిగానే వేయాలి. మాన్యువల్ అడగనిదే సీలెంట్ పూయొద్దు. హెడ్ లేపినప్పుడు ఎంతో కొంత కూలెంట్ కింద ఆయిల్‌లో పడే ఉంటుంది, కనుక స్టార్ట్ చేసే ముందే ఆయిల్, ఫిల్టర్ రెండూ మార్చేయండి.