చెవికి తెలియని చేతి కష్టం

చెన్నైలో తెలుగువాళ్ల పెళ్లి రిసెప్షన్లకు పాడే లైట్ మ్యూజిక్ ట్రూపుల్లో ఒక చిన్న తగాదా అప్పుడప్పుడూ వస్తుంటుంది. ఆ పూట గొంతు బాగా పలుకుతోందని గాయకుడికి అనిపిస్తుంది. "అన్నా, మూడు శ్రుతి వద్దు, నాలుగులో వెళ్దాం" అంటాడు. మూడు, నాలుగు అని పిలిచినా ఆ రెంటికీ మధ్య ఉన్నది ఒక్క అరస్వరం తేడానే. కీబోర్డు అతను ట్రాన్స్‌పోజ్ బటన్ ఒకసారి నొక్కి ఊరుకుంటాడు. డ్రమ్మర్‌కి అసలు సంబంధమే లేదు. బేస్ గిటార్ పట్టుకున్న మనిషి మాత్రం "మూడులోనే ఉంచకూడదా తమ్ముడూ" అని బతిమాలుకుంటాడు. బద్ధకం అని మిగతావాళ్లు నవ్వుతారు. ఆ బతిమాలుకోవడం వెనక కొంత భౌతికశాస్త్రం, కొంత శరీరశాస్త్రం ఉన్నాయి.

నాలుగు తీగల బేస్ గిటార్‌లో అన్నిటికన్నా లావు తీగ సెకనుకు 41 సార్లు కంపిస్తుంది. అది పాశ్చాత్యులు 'ఈ' అనే స్వరం, మన లెక్కలో మూడు శ్రుతి షడ్జమం, అంటే 'స'. అంటే మూడు శ్రుతి పాటలో షడ్జమం కావాలంటే ఎడమచేత్తో ఏమీ నొక్కక్కర్లేదు, కుడిచేత్తో మీటితే చాలు. దాని పక్క తీగ 'ఏ'. అదీ ఏమీ నొక్కకుండానే ఈ శ్రుతికి శుద్ధ మధ్యమం అవుతుంది. పాటలో బేస్ ఎక్కువసేపు తిరిగేది సాధారణంగా షడ్జమం, మధ్యమం, పంచమం చుట్టూనే కాబట్టి, అందులో రెండు ఊరికే దొరికినట్టు. ఎడమచేతికి పాట పొడుగునా మధ్యమధ్యలో విశ్రాంతి ఉంటుంది. నాలుగు శ్రుతికి మారగానే ఆ రెండూ పోతాయి. ప్రతి స్వరాన్నీ నొక్కి పట్టాలి, అదీ మెడ చివర మొదటి ఫ్రెట్ (వీణవాళ్ల మాటలో మెట్టు) దగ్గర, అన్నిటికన్నా ఇబ్బందైన చోట.

రెండున్నర శ్రుతికి దిగితే మరో చిక్కు. ఆ షడ్జమం లావు తీగ కన్నా అరస్వరం కింద ఉంటుంది, అంటే నాలుగు తీగల బేస్ మీద అది లేనే లేదు. తీగ వదులు చేసుకోవాలి, లేదా పై స్థాయిలో వాయించాలి, లేదా సెకనుకు 31 సార్లు కంపించే ఇంకో తీగ అదనంగా ఉన్న అయిదు తీగల బేస్ కొనుక్కోవాలి. దాని మెడ ఇంకా వెడల్పు.

ఇబ్బంది ఎంతో లెక్క వేయవచ్చు. మామూలు బేస్ గిటార్‌లో తీగ కంపించే పొడవు 34 అంగుళాలు, అంటే సుమారు 864 మిల్లీమీటర్లు. మామూలు ఎలక్ట్రిక్ గిటార్‌లో చాలావాటికి అది 25.5 అంగుళాలు. ఫ్రెట్లు సమాన దూరంలో ఉండవు. ఒక్కో మెట్టుకీ తీగ పొడవు ఒకే నిష్పత్తిలో తగ్గాలి గనక మెడ చివర దూరదూరంగా, ఒంటి వైపు వచ్చేకొద్దీ దగ్గరగా ఉంటాయి. రెండు ఫ్రెట్ల మధ్య జాగాను గడి అందాం. బేస్ మీద మొదటి గడి వెడల్పు 48 మిల్లీమీటర్లకు పైనే. పన్నెండో గడి 26 మిల్లీమీటర్లు కూడా ఉండదు. చూపుడు వేలు మొదటి ఫ్రెట్ మీద, చిటికెన వేలు నాలుగో ఫ్రెట్ మీద పెట్టాలంటే వాటి మధ్య 13 సెంటీమీటర్లు చాచాలి. గిటార్ మీద ఇదే పనికి పది సెంటీమీటర్ల లోపే చాలు. అన్నా సాలైలో 1842 నుంచి నడుస్తున్న మ్యూజీ మ్యూజికల్ లాంటి వాయిద్యాల షాపుకి వెళ్లినప్పుడు రెండూ చేతికి తీసుకుని చూడండి. మూడు సెంటీమీటర్లు అంటే ఏమిటో అరచేతికి వెంటనే తెలుస్తుంది.

మరి అంత పొడవు ఎందుకు? తీగ కంపించే వేగాన్ని నిర్ణయించేవి మూడు: పొడవు, బిగువు, మీటరుకు బరువు. గిటార్ మీది లావు తీగ కన్నా బేస్ మీది అదే పేరున్న తీగ ఒక స్థాయి కింద పలకాలి, అంటే సగం వేగంతో కంపించాలి. పొడవు రెట్టింపు చేస్తే సరిపోతుంది కానీ అప్పుడు వాయిద్యం మనిషి కన్నా పెద్దదవుతుంది. నిలబెట్టి వాయించే పాత డబుల్ బేస్‌లో తీగ పొడవు మీటరు దాటడానికి కారణం అదే. బిగువు నాలుగో వంతుకి తగ్గించినా సరిపోతుంది, కానీ తీగ వేలాడిపోయి ఫ్రెట్లకు కొట్టుకుని గరగరలాడుతుంది. ఇక మిగిలింది బరువు. 1951లో లియో ఫెండర్ కంపెనీ మార్కెట్లోకి తెచ్చిన ప్రెసిషన్ బేస్ 34 అంగుళాల దగ్గర రాజీ పడింది, మిగతా లోటంతా బరువుతో పూడ్చింది. తీగ లోపల ఉక్కు, దానిచుట్టూ నికెల్ లాంటి లోహపు చుట్ట. మొత్తం లావు రెండున్నర మిల్లీమీటర్లకు పైగా. ఉత్త ఉక్కు కడ్డీయే అంత లావుంటే వంగకుండా బిర్రబిగుసుకుని అపస్వరం పలికేది. గిటార్ తీగతో పోలిస్తే దీని బరువు మీటరుకు సుమారు నాలుగున్నర రెట్లు, బిగువు దాదాపు రెండింతలు. ఒక్కో తీగలో సుమారు ఇరవై కిలోల లాగుడు ఉంటుంది. వేలు నొక్కాల్సింది, మీటాల్సింది దాన్ని.

ఇప్పుడు చేతి సంగతి. వేళ్లలో వాటిని కదిలించే కండరాలు లేవు. అవి కొన్ని అరచేతిలో, పెద్దవి ముంజేతిలో ఉంటాయి. అక్కడి నుంచి టెండన్లు, అంటే కండరాన్ని ఎముకకు కలిపే తాళ్లు, మణికట్టులోని ఇరుకు దారిగుండా వేళ్ల కొసల దాకా వస్తాయి. ఆ దారిలో తొమ్మిది టెండన్లు, ఒక నరం పక్కపక్కనే సర్దుకుని ఉంటాయి. మణికట్టు బాగా వంచి పట్టుకుంటే ఆ దారి మరింత ఇరుకవుతుంది, పట్టు బలమూ తగ్గుతుంది. మీ చేతి మీదే పరీక్షించుకోవచ్చు: మణికట్టు నిటారుగా ఉంచి పిడికిలి బిగించండి, తర్వాత పూర్తిగా లోపలికి వంచి బిగించండి. స్టేజి మీద బేస్‌ని మోకాళ్ల దాకా వేలాడదీసుకుంటే ఫొటోలో బాగుంటుంది, కానీ ఎడమ మణికట్టు సరిగ్గా ఆ రెండో స్థితిలోకి పోతుంది.

ఇంకో పరీక్ష. అరచేతిని బల్ల మీద బోర్లించి, మధ్యవేలిని కిందికి మడిచి పెట్టి, మిగతా వేళ్లను ఒక్కొక్కటీ పైకి లేపండి. చూపుడు వేలు లేస్తుంది, చిటికెన వేలూ లేస్తుంది. ఉంగరపు వేలు దాదాపు కదలదు. చూపుడు వేలికీ చిటికెన వేలికీ పైకి లేపడానికి సొంతంగా ఒక్కో అదనపు కండరం ఉంది, ఉంగరపు వేలికి లేదు. పైగా దాని టెండన్ పక్కవాటితో పట్టీలతో ముడిపడి ఉంటుంది. కిందికి నొక్కే వైపు చూసినా మధ్యవేలు, ఉంగరపు వేలు, చిటికెన వేళ్ల లోతు కండరం చాలావరకు ఉమ్మడి ఆస్తే. అందుకే 19వ శతాబ్దంలో డబుల్ బేస్ పాఠాలు రాసిన ఫ్రాంజ్ సిమాండల్ కింది స్థానాల్లో ఉంగరపు వేలికి విడిగా పని పెట్టలేదు. చూపుడు వేలు, మధ్యవేలు, చిటికెన వేలు మాత్రమే స్వరాలు పట్టాలి, ఉంగరపు వేలు చిటికెన వేలికి దన్నుగా ఉండాలి. బేస్ గిటార్ వాళ్లు ఎందరో మొదటి అయిదు ఫ్రెట్లలో ఇప్పటికీ అదే పద్ధతి వాడతారు. నాలుగు ఫ్రెట్లకు నాలుగు వేళ్లు అని గిటార్ పాఠాల్లో నేర్పే సూత్రాన్ని ఇక్కడ మొండిగా పట్టుకుంటే నష్టపోయేది చెయ్యే.

దూరమూ బరువూ కలిపినా ఒక్క స్వరం వాయించడం ఎవరికీ పెద్ద కష్టం కాదు. అసలు పరీక్ష ఆగకుండా వాయించడంలో ఉంది. డిస్కో కాలం నుంచి సినిమా పాటల్లోకి వచ్చిన ఒక సులువైన నడక ఉంది: కింది షడ్జమం, పై షడ్జమం, మళ్లీ కింది, మళ్లీ పై. నేర్చుకోవడానికి పది నిమిషాలు చాలు. నిమిషానికి 120 దెబ్బల వేగంలో, దెబ్బకు రెండు స్వరాల చొప్పున నాలుగు నిమిషాల పాటకు 960 స్వరాలు. అంతసేపూ ఎడమచేతి చూపుడు వేలూ చిటికెన వేలూ ఒకే ఆకారంలో చాచుకుని ఉండాలి. మొదటి ఫ్రెట్ దగ్గరైతే ఆ చాపు దాదాపు తొమ్మిది సెంటీమీటర్లు. కదిలే కండరం బిగిసి సడలుతూ రక్తాన్ని తనే లోపలికి, బయటికి తోసుకుంటుంది. కదలకుండా బిగిసి ఉన్న కండరం తన రక్తనాళాలను తనే నొక్కేసుకుంటుంది. గట్టిగా బిగిస్తే రక్తం రావడం బాగా తగ్గిపోతుంది, శక్తినిచ్చే రసాయనాలు విడిపోగా మిగిలిన ఫాస్ఫేట్ అక్కడే పేరుకుని బిగింపును బలహీనం చేస్తుంది. పాత పుస్తకాలు నెపమంతా లాక్టిక్ ఆమ్లం మీదే వేసేవి కానీ కథ అంత సులువు కాదని ఇప్పుడు తెలుసు. ఏదైతేనేం, మూడో చరణానికల్లా ముంజెయ్యి రాయవుతుంది. భయంతోనో టెన్షన్‌తోనో బొటనవేలు మెడ వెనక అవసరానికి మించి నొక్కుతుంటే అది రెండో చరణంలోనే మొదలు. ఫ్రెట్‌కి ఆనుకుని నొక్కితే తక్కువ బలం చాలు, గడి మధ్యలో నొక్కితే ఎక్కువ కావాలి. అనుభవమున్నవాళ్ల చెయ్యి అలసిపోకపోవడంలో బలం కన్నా ఈ పొదుపు పాలే ఎక్కువని నా నమ్మకం.

రాక్ సంగీతంలో ఈ ఓర్పు పరీక్షకు ఎక్కువమంది చెప్పే ఉదాహరణ, ఇంగ్లండు బ్యాండ్ మ్యూజ్ 2003లో తెచ్చిన 'హిస్టీరియా'. అందులో బేస్ సెకనుకు ఆరుకు పైగా స్వరాలతో దాదాపు ఊపిరి తీసుకోకుండా పరుగెడుతూనే ఉంటుంది, తీగ నుంచి తీగకు దూకుతూ. సెకనుకు ఆరు అనేది అంకెగా చూస్తే గొప్పేమీ కాదు. మామూలు మనిషి చూపుడు వేలితో బల్లను సెకనుకు అయిదారుసార్లు తట్టగలడు, రెండు వేళ్లు మార్చిమార్చి వాడితే లెక్క రెట్టింపు. కానీ బల్లకు బిగువు లేదు, ఇంకో బల్ల మీదికి దూకే పనీ లేదు. సన్న తీగ నుంచి లావు తీగకు వచ్చేటప్పుడు అదే వేలు జారి రెండూ మీటేస్తుంది. సన్న తీగ వైపు వెళ్లేటప్పుడు ఆ సౌకర్యం లేదు. ఒక తీగ మీద మూడు స్వరాలు వస్తే వేళ్ల వంతు తారుమారవుతుంది, మొదటి గుంపును చూపుడు వేలు మొదలుపెడితే రెండో గుంపు మధ్యవేలి మీద పడుతుంది. గుర్రపు దౌడు లాంటి లయల్లో చేతికి చిక్కొచ్చేది ఇక్కడే. డెట్రాయిట్‌లో మోటౌన్ అనే రికార్డు కంపెనీ పాటలకు బేస్ వాయించిన జేమ్స్ జామర్సన్ ఈ గొడవే పెట్టుకోలేదు. ఆయన కుడిచేతి చూపుడు వేలు ఒక్కదానితోనే మీటేవాడు, అదీ లావు తీగలు బాగా ఎత్తుగా కట్టిన బేస్ మీద. డబుల్ బేస్ నుంచి వచ్చిన చెయ్యి కదా.

బయటివాళ్లకు అస్సలు కనిపించని పని ఇంకోటుంది, శబ్దాన్ని ఆపడం. బరువైన తీగలో శక్తి ఎక్కువ నిలవ ఉంటుంది, వదిలేస్తే చాలాసేపు మోగుతుంది. ఒక తీగ మీటితే పక్క తీగలు కూడా సానుభూతితో కంపిస్తాయి. నాలుగు తీగల్లో మోగాల్సింది ఒకటే కాబట్టి మిగతా మూడింటి మీదా ఏదో ఒక వేలో, అరచేతి అంచో ఆనించి ఉంచాలి. ఫంక్ పాటల్లో ఎడమచెయ్యి తీగను నొక్కదు, వదలదు, ఊరికే తాకుతూ ఉంటుంది. అప్పుడు స్వరం కాకుండా 'టక్' అనే చప్పుడు వస్తుంది. నొక్కడం కన్నా అలా గాలిలో తేలుతూ ఉండటమే ఎక్కువ అలసట.

ఇంత కష్టం శ్రోతకు ఎందుకు అందదు? చెవి నిర్మాణమే అలాంటిది. సెకనుకు వెయ్యిసార్లు కంపించే ధ్వని సున్నా డెసిబెల్‌కి కాస్త పైన ఉన్నా వినిపిస్తుంది. నలభైసార్లు కంపించే ధ్వని వినబడటం మొదలవ్వాలంటేనే సుమారు 50 డెసిబెల్స్ కావాలి. ఫోన్ స్పీకర్‌లో పాట వింటే ఆ అడుగు ధ్వని అసలు రానే రాదు. దానితోపాటు పుట్టే రెట్టింపు, మూడింతల వేగపు పై అనుస్వరాలను బట్టి మెదడే దాన్ని ఊహించి పూరిస్తుంది. కాబట్టి రీల్స్‌లో మీరు "బేస్ అదిరింది" అంటున్నది చాలావరకు మీ మెదడు వాయించిందే.

దీనికి తోడు ఒక వేగ పరిమితి కూడా ఉంది, అది ఏ సాధనతోనూ దాటేది కాదు. సెకనుకు ఎనిమిది స్వరాల వేగంలో ఒక్కో స్వరానికి 125 మిల్లీసెకన్లు. 41 కంపనాల తీగ ఆ వ్యవధిలో అయిదుసార్లు మాత్రమే ఊగుతుంది. అది ఏ స్వరమో చెవి తేల్చుకునేలోపే తర్వాతది వచ్చేస్తుంది, అంతా కలిసి బురదలా వినిపిస్తుంది. స్వరాలు కూర్చేవాళ్లకు ఇది తెలుసు. 1980లలో మద్రాసులో రికార్డయిన ఇళయరాజా పాటల్లో బేస్ ఉత్త షడ్జమం పట్టుకుని కూర్చోదు, గాయకుడి వరుస పక్కన తనదైన ఇంకో వరుస పాడుతుంది. ఆయన వాటిని పాశ్చాత్య లిపిలో తనే రాసేవారు, ఏళ్ల తరబడి వాటిని వాయించినవారు ఆర్. శశిధరన్. ఆ పాటల్ని మంచి హెడ్‌ఫోన్లలో వింటూ బేస్‌నే వెంబడించండి. పల్లవి కింద నెమ్మదిగా, లోతుగా నడిచే స్వరాలను గమనించండి, తర్వాత రెండు వాక్యాల మధ్య ఖాళీలో వచ్చే చిన్న పరుగులనూ గమనించండి. ఇలాంటి పరుగులు ఎవరు కూర్చినా సాధారణంగా పై స్థాయిలోకే వెళ్తాయి, చెవికి స్పష్టంగా అందేది అక్కడే కాబట్టి. అక్కడే తీగలు సన్నం, ఫ్రెట్లు దగ్గర, చెయ్యి హాయిగా ఇమిడిపోతుంది. రిసెప్షన్ హాల్లో ఈలలు పడేది ఆ పరుగులకే. మొదటి ఫ్రెట్ దగ్గర చిటికెన వేలు చాచి పట్టిన నాలుగు నిమిషాల నడకకు చప్పట్లు కొట్టినవాళ్లను నేనైతే చూడలేదు, పక్కన నిలబడ్డ డ్రమ్మర్ తప్ప.