యూరియా లైను వెనక చెల్క నేల కథ

2025 వానాకాలంలో పాలమూరు, నల్లగొండ జిల్లాల రైతులు యూరియా కోసం తెల్లారకముందే వచ్చి, చెప్పులు, పాస్‌బుక్కులు లైన్లో పెట్టి కూర్చున్నారు. సరఫరా ఎందుకు తగ్గిందన్న దాని మీద చాలా చర్చ జరిగింది, జరగాల్సిందే. కానీ ఎకరానికి అన్ని బస్తాలు ఎందుకు పట్టుతున్నాయో కూడా అడగాలి. అది తెలియాలంటే నేల కథలోకి పోవాలి.

ఇక్కడి చెల్కలు, అంటే ఎర్రటి ఇసుక నేలలు, గ్రానైట్ రాయి నుంచి పుట్టినవి. దేవరకొండ, అచ్చంపేట వైపు చేల మధ్యలోనే బండలు కనబడతాయి. ఆ రాయే వేల ఏండ్లు ఎండకు పగిలి, వానకు నాని మట్టి అయింది. అందులో ఇనుము తుప్పు పట్టినందుకే ఆ ఎరుపు. ఇసుక ఎక్కువ, బంక తక్కువ. చాలాచోట్ల మూరెడు లోతుకే మొరం తగులుతుంది. అలంపూర్, గద్వాల వైపు నల్లరేగడి నీళ్లు తాగి ఉబ్బి, ఎండాకాలం నెర్రెలు బారుతుంది, పదును, అంటే తేమ, చాలా రోజులు పట్టి ఉంచుతుంది. చెల్కలో వాన వెలిసిన కొన్నాళ్లకే పదును ఆరిపోతుంది.

విత్తిన రెండోనాడు గట్టి వాన పడి, మర్నాడు ఎండ కాస్తే చెల్క పైన పలుచని పెచ్చు కడుతుంది. వేలితో లేపి చూస్తే కింద జొన్న మొలక తెల్లగా, వంకర తిరిగి, పైకి రాలేక ఉంటుంది. గుంటుక తోలి ఆ పెచ్చు పగలగొట్టడం ఇక్కడ పాత పని. పెంట బాగా తోలిన చేలో పెచ్చు అంత గట్టిగా కట్టదు. కుళ్లిన ఆకు, పేడ మట్టి రేణువులను గుల్లగుల్లగా పట్టి ఉంచుతాయి. భూసార పరీక్షలో సేంద్రియ కర్బనం అని రాసేది దీన్నే. అది 0.5 శాతం కన్నా తక్కువుంటే తక్కువ కింద లెక్క.

పాతకాలం రైతుకు ఈ లెక్క తెలియకపోయినా పని తెలుసు. ఎండాకాలం చెరువు ఎండగానే ఒండ్రు బండ్లకెత్తి చేలకు తోలేవాళ్లు. గొర్ల మంద పెట్టించి కాపరికి గింజలిచ్చేవాళ్లు. జొన్నలో కంది సాళ్లు వేసేవాళ్లు. నల్లగొండ దగ్గరి పానగల్లు ఉదయసముద్రం లాంటి చెరువులు ఒకప్పుడు ఈ సీమను ఏలిన కందూరి చోడుల నాటివి. అవి నీళ్లతో పాటు బంకమట్టినీ దాచిపెట్టాయి.

తర్వాత నాగార్జునసాగర్ వచ్చింది. 1955 డిసెంబర్ 10న శంకుస్థాపన, 1967లో కాలువలకు నీళ్లు. మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వరి సీమలయ్యాయి, అన్నం దొరికింది. ఏటా రెండు కార్లు వరే వేసిన మళ్లల్లో జింకు లోపం మొదలైంది. మెట్ట ప్రాంతానికి బోర్లు, పత్తి, ట్రాక్టర్లు వచ్చాయి. ఎడ్లు పోయాయి, వాటితోపాటు పెంటకుప్పలూ పోయాయి. దేశమంతా డ్యాములకు, కాలువలకు మట్టి మోసిన పాలమూరు కూలీల సొంత చేలకు మాత్రం గంపెడు ఒండ్రు తోలే మనిషి మిగల్లేదు. రాస్తుంటేనే బాధేస్తుంది.

ధరలు కూడా అటే నెట్టాయి. 2010 ఏప్రిల్ నుంచి భాస్వరం, పొటాష్ ఎరువుల సబ్సిడీ పద్ధతి మారి వాటి ధరలు పెరిగాయి. యూరియా ధర మాత్రం ప్రభుత్వం చేతిలోనే ఉండిపోయింది: 45 కిలోల బస్తా 266 రూపాయల 50 పైసలు. అదే భాస్వరం ఉండే డీఏపీ బస్తా 1,350. రైతు ఏది ఎక్కువ చల్లుతాడో వేరే చెప్పాలా? యూరియాలో 46 శాతం నత్రజని ఉంది. కర్బనం లేని ఇసుక నేల దాన్ని పట్టి ఉంచుకోలేదు. కొంత గాలిలో కలుస్తుంది, కొంత నీళ్లతో కిందికి జారిపోతుంది. పైరు మళ్లీ పసుపెక్కుతుంది, మళ్లీ బస్తా కావాలి.

2015 ఫిబ్రవరిలో భూసార కార్డులు, మార్చిలో చెరువుల పూడిక తీసే మిషన్ కాకతీయ మొదలయ్యాయి. రెండూ మంచి పనులే. కానీ చెరువులో మట్టి తవ్వేది సర్కారు, చేనుకు తోలుకునేది రైతు. ట్రాక్టర్ కిరాయి పెట్టగలిగినవాళ్లు తోలుకున్నారు, రెండెకరాల రైతు చూస్తూ ఉండిపోయాడు. చెరువు మట్టి ఇటుక బట్టీలకు పోవడం ఈ జిల్లాల్లో ఎవరికీ కొత్త కాదు. పచ్చిరొట్ట ఎరువు కోసం వేసే జీలుగ, జనుము విత్తనాలకు సబ్సిడీ ఇస్తున్నట్టే, ఎండాకాలంలో చెరువు మట్టి తోలే కిరాయిలో సగమైనా సర్కారు భరించాలి. ముందు చిన్న రైతుల చెల్కలకు.