నాప్‌కిన్ అనే చిన్న గుడ్డ

మా బరంపురంలో ఈమధ్య ఒక పెళ్లి భోజనంలో ప్లేటు పక్కన కాగితం నాప్‌కిన్లు పెట్టారు. మా పాపకు పన్నెండేళ్లు. "అమ్మా, నాప్‌కిన్ అంటే నెలసరప్పుడు పెట్టుకునేదే కదా! మూతి తుడుచుకోడానికి పెట్టారేంటి?" అని చెవిలో అడిగింది. మంచి ప్రశ్న. ఇంటికొచ్చాక వివరంగా చెప్పాను.

లాటిన్‌లో మప్పా అంటే గుడ్డ, చేతిరుమాలు. ఫ్రెంచివాళ్ల నోట మొదటి అక్షరం మారి అది నాప్ అయింది, భోజనం బల్ల మీద పరిచే గుడ్డకు పేరైంది. దానికి ఇంగ్లీషువాళ్లు 'చిన్న' అని చెప్పే 'కిన్' తగిలించారు. అంటే నాప్‌కిన్ చిన్న గుడ్డ, అంతే. వంటింటి ఏప్రన్, గోడ మీది మ్యాప్ కూడా ఆ మప్పా సంతానమే. పాత పటాలను గుడ్డ మీద కూడా గీసేవారు మరి.

ఇక నెలసరి నాప్‌కిన్ సంగతి. మొదటి ప్రపంచ యుద్ధంలో గాయాల కట్లకు దూది చాల్లేదు. అమెరికాలోని కింబర్లీ క్లార్క్ కంపెనీ కలప గుజ్జుతో సెల్యూకాటన్ అనే మెత్తటి సరుకు తయారుచేసింది. తడిని బాగా పీల్చే ఆ కట్టును నర్సులు తమ నెలసరికీ వాడుకున్నారు. 1920లో అదే కోటెక్స్ పేరుతో బజారుకొచ్చింది. ఇవాళ్టి చాలా ప్యాడ్లలో సోడియం పాలీయాక్రిలేట్ పొడి కూడా ఉంటుంది. తడి తగలగానే జెల్లీలా ఉబ్బి దాన్ని పట్టి ఉంచుతుంది.

మా అమ్మ మాత్రం ముట్టుగుడ్డ అనేది. ముట్టడమంటే తాకడం. ఆ పేరు గుడ్డ గురించి ఏమీ చెప్పదు, ఆడమనిషిని తాకొద్దని చెబుతుంది. బహిష్టు అన్నా అంతే, బయట ఉన్నది అని అర్థం. ఈ రెండు మాటలూ నాకు ఇప్పటికీ ముల్లులా గుచ్చుకుంటాయి.

రజస్వల అనే మాట అలా కాదు. సంస్కృతంలో రజస్సు అంటే ధూళి, పువ్వులోని పుప్పొడి, నెలసరి రక్తం కూడా. మా పక్కింటి ఒడియావాళ్లు జూన్ నడుమ జరుపుకునే రజ పండగ పేరు అందులోంచి వచ్చిందే. ఆ మూడు రోజులూ భూదేవికి నెలసరి అని నమ్మకం. నేల దున్నరు, తవ్వరు. ఆడపిల్లలు కొత్త బట్టలు కట్టుకుని ఉయ్యాలలూగుతారు. నాలుగోరోజు సన్నికల్లును భూదేవిగా భావించి పసుపు రాసి స్నానం చేయిస్తారు. రజస్వల అయిన పిల్లకు మన ఇళ్లలో రాసేదీ ఆ పసుపే.