వాక్యూమ్ కొన్నా తుమ్ములు తగ్గలేదా? ముందు పరుపు సంగతి చూడండి

"సార్, 38 వేలు పోసి వాక్యూమ్ క్లీనర్ కొన్నాం. రోజూ హాలంతా పడుతున్నాం. పాపకి తుమ్ములు మాత్రం అలాగే ఉన్నాయి."

బెంగళూరు మారతహళ్ళిలో నా క్లినిక్‌కి వారానికి ఒకరైనా ఈ మాటతో వస్తారు. మొన్న వచ్చినావిడ ఇంకోటి కూడా చెప్పింది. మెషీన్ వచ్చింది కదా అని పాపకి ముక్కు స్ప్రే, ఇన్‌హేలర్ రెండూ ఆపేశారట. ఇప్పుడు రాత్రుళ్ళు దగ్గు, పిల్లికూతలు. ఆవిడ మీద నాకు కోపం రాలేదు. డబ్బు పెట్టి, నడుము పడిపోయేలా శుభ్రం చేసి, నిద్ర లేక అలిసిపోయి వచ్చిన తల్లి. కోపమంతా ఆ డెమో ఇచ్చినవాళ్ళ మీదే.

డెమో ఎలా ఉంటుందో మీలో చాలామంది చూసే ఉంటారు. పరుపు మీద మెషీన్ ఆడించి, నల్లగుడ్డ మీద తెల్లటి పొడి చూపించి, "ఇవన్నీ పురుగులే మేడమ్" అంటారు. కావండీ. అందులో ఎక్కువ భాగం మన ఒంటి మీద నుంచి రాలిన చర్మం పొట్టు, నూలు పోగుల తునకలు. వాళ్ళు చెప్పే పురుగు డస్ట్ మైట్, అంటే ఇంటి దుమ్ములో బతికే అతిచిన్న జీవి. అది మిల్లీమీటరులో మూడో వంతు కూడా ఉండదు, మామూలు కంటికి ఆనదు. మా ఇంటి పరుపు మీద పెట్టినా ఆ పొడి వస్తుంది.

అపోహ: వాక్యూమ్ పడితే మైట్లు పోతాయి.

వాస్తవం: పైపైన ఉన్న దుమ్ము, మైట్ల రెట్ట కొంత వస్తాయి. బతికున్న మైట్లు మాత్రం కాళ్ళతో పోగులను గట్టిగా పట్టుకుని పరుపు లోతుల్లోనే ఉండిపోతాయి. అవి మనల్ని కుట్టవు, కరవవు. అలర్జీ తెచ్చేది ముఖ్యంగా వాటి రెట్టలో ఉండే ప్రొటీన్. చర్మం పొట్టు తింటాయి, నీళ్ళు తాగకుండా గాలిలోని తేమనే పీల్చుకుంటాయి. అంటే తిండి, వెచ్చదనం, తేమ మూడూ ఉన్నచోటే వాటి కాపురం. అది మన పరుపు, దిండు, రజాయి. టైల్స్ పరిచిన హాల్లో వాటికేం పని? రోజూ ఏడెనిమిది గంటలు మనం ముక్కు ఆనించి పడుకునేది దిండుకే గానీ టైల్స్‌కి కాదు కదా!

అందుకే నేను మొదట అడిగేది వాక్యూమ్ గురించి కాదు, దుప్పట్లు ఎలా ఉతుకుతున్నారని. చల్లనీళ్ళలో ఉతికితే రెట్ట చాలావరకు కొట్టుకుపోతుంది, మైట్లు మాత్రం బతుకుతాయి. చావాలంటే నీళ్ళు 55 డిగ్రీలు దాటాలి. వాషింగ్ మెషీన్‌లో 60 డిగ్రీల సెట్టింగ్ ఉంటే వారానికోసారి దుప్పట్లు, గలేబులు అందులో వేయండి. దిండుకీ పరుపుకీ చుట్టూ జిప్పుతో మూసుకునే, దగ్గరి నేత కవర్లు తొడగండి. అయితే కవరొక్కటే తొడిగి కూర్చుంటే లాభం లేదు. ఆస్తమా ఉన్న 1122 మంది పెద్దవాళ్ళ మీద చేసిన అధ్యయనం 2003లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. మైట్లను ఆపే పరుపు కవర్లు వాడినవాళ్ళకీ మామూలు కవర్లు వాడినవాళ్ళకీ తేడా కనపడలేదు. కవర్ల సంగతే అలా ఉంటే, వాక్యూమ్‌ని నమ్ముకుని ఇన్‌హేలర్ ఎలా ఆపుతారు? శుభ్రత మందుకి తోడు మాత్రమే. డాక్టరు తగ్గించమనే దాకా స్ప్రే, ఇన్‌హేలర్ ఆపకండి. దయచేసి.

వాక్యూమ్ దండగ అనడం లేదు. సోఫాకి, కార్పెట్‌కి, పరుపు అంచులకి పనికొస్తుంది. కొనేటట్టయితే హెపా ఫిల్టర్ (సన్నటి దుమ్మును కూడా పట్టి ఆపే జల్లెడ లాంటిది) ఉన్నది కొనండి, లేకపోతే ముందు నుంచి లాగిన సన్నటి దుమ్ము వెనక నుంచి గదిలోకే వస్తుంది. అలర్జీ ఉన్నవాళ్ళు దాన్ని పట్టకూడదు, పట్టాక అరగంట ఆ గదిలోకి వెళ్ళకూడదు. డబ్బా ఖాళీ చేసేటప్పుడు మాస్క్ తప్పనిసరి. ఇది నా ఒంటి మీదకి వచ్చాక నేర్చుకున్నది. ఒక ఆదివారం మాస్క్ లేకుండా మా యుటిలిటీలో డబ్బా దులిపాను. తుమ్ములు లెక్కపెట్టడం మా ఆవిడ ఇరవై దగ్గర ఆపేసి, "మీ పేషెంట్లు చూడాల్సింది ఇదీ" అంది.

మిగతావి గబగబా చెప్పేస్తాను. పొడి చీపురుతో ఊడిస్తే దుమ్ము లేచి మళ్ళీ అక్కడే పడుతుంది, తడిగుడ్డ మేలు. ఎయిర్ ప్యూరిఫయర్ పిల్లి అలర్జీకి కొంత పనిచేస్తుంది. మైట్ల రెట్ట బరువుకి త్వరగా కిందికి దిగిపోతుంది కాబట్టి దానికి పెద్దగా చిక్కదు. అగరొత్తుల పొగకి గాలి శుభ్రపడదు, ఆస్తమా ఉన్నవాళ్ళకి అది ఇంకా చేటు. "బెంగళూరు వచ్చాకే సార్, అంతా పుప్పొడి" అంటారు. వయ్యారిభామ కలుపు మొక్క ఇక్కడి ఖాళీ సైట్ల నిండా ఉన్న మాట నిజమే. కానీ ఏడాది పొడుగునా పొద్దున మంచం దిగకముందే తుమ్ములు వస్తుంటే నేను ముందు అనుమానించేది పరుపునే. స్కిన్ ప్రిక్ టెస్ట్ (అలర్జీ తెచ్చే పదార్థాల చుక్కలు చర్మం మీద వేసి సన్నగా గుచ్చి చూసే పరీక్ష) చేయిస్తే దేని అలర్జీయో చాలావరకు తేలిపోతుంది.

ఆ పాప మంచం మీద టెడ్డీలు ఆరు ఉన్నాయట. వేడినీళ్ళలో వేస్తే పాడవుతాయి కాబట్టి ఒక రోజంతా ఫ్రీజర్‌లో పెట్టి, మైట్లు చచ్చాక మామూలు నీళ్ళలో ఉతకమన్నాను. ఆ సాయంత్రమే ఫోన్. "డాక్టర్ గారూ, ఫ్రీజర్‌లో బఠాణీలున్నాయి, పక్కన పెట్టొచ్చాండీ?" ప్లాస్టిక్ కవర్లో చుట్టి పెట్టమ్మా అన్నాను. వెనక నుంచి పాప ఏడుస్తోంది, టెడ్డీకి చలేస్తుందట.