తీరపు బురదలో లోహాలు: పీపీఎం చూసే ముందు అల్యూమినియం చూడండి

అపోహ: లోహం పీపీఎం (పది లక్షల భాగాల్లో ఎన్ని భాగాలు) ఎక్కువుంటే కాలుష్యం, తక్కువుంటే శుభ్రం.

వాస్తవం: లోహాలు సహజంగానే బంకమన్నును అంటిపెట్టుకుంటాయి. ఇసుకలో క్వార్ట్జ్ ఎక్కువ కాబట్టి అంకె దానంతటదే పడిపోతుంది. ఉదాహరణకు బురదలో జింకు 85 పీపీఎం, అల్యూమినియం 9 శాతం. ఇసుకలో జింకు 40, అల్యూమినియం 2 అనుకుందాం. ఎవరైనా బురదనే అనుమానిస్తారు. మట్టిలో బంకమన్ను ఎంతుందో అల్యూమినియం చెబుతుంది, కాబట్టి జింకును అల్యూమినియంతో భాగించండి: బురదకు 9.4, ఇసుకకు 20. భూమి పైపటలం సగటు జింకు 67 పీపీఎం, అల్యూమినియం 8.15 శాతం, అంటే 8.2. ఈ లెక్కన బురద 1.15 రెట్లే, ఇసుక 2.4 రెట్లు. ఆరా తీయాల్సింది ఇసుక గురించే. అక్కడా ముందు ఇల్మనైట్, మాగ్నటైట్ లాంటి నల్ల ఖనిజాలు పేరుకున్నాయేమో చూడాలి. అవీ జింకును మోసుకొస్తాయి.

ప్రపంచ సగటు కన్నా అదే తీరంలో గొట్టంతో నిలువుగా తీసిన మట్టి స్తంభం (కోర్) అడుగున, పరిశ్రమలకు ముందు పేరుకున్న పొరే మంచి కొలబద్ద. జీవులకు హాని మొదలయ్యే కింది హద్దుగా తరచూ వాడే విలువ నికెల్‌కు 20.9 పీపీఎం. పైపటలం సగటే 47! బసాల్ట్ నేలల నుంచి కొట్టుకొచ్చిన మట్టిలో ఇంకా ఎక్కువే ఉంటుంది. ఆ హద్దు ఒక్కటే పట్టుకుని ఏ తీరాన్నీ దోషిగా నిలబెట్టకూడదు.

అపోహ: ఎక్స్‌ఆర్‌ఎఫ్ (ఎక్స్-కిరణాలతో మూలకాల మొత్తాన్ని కొలిచే పద్ధతి) పట్టికలోంచి, రాయి ఎంత శిథిలమైందో చెప్పే శైథిల్య సూచీని (సీఐఏ) నేరుగా లెక్కగట్టొచ్చు.

వాస్తవం: సీఐఏ అంటే అల్యూమినాను (అల్యూమినియం ఆక్సైడ్), అల్యూమినాతో పాటు కాల్షియం, సోడియం, పొటాషియం ఆక్సైడ్లను కలిపిన మొత్తంతో భాగించి వందతో గుణించడం. బరువు శాతాలు కాదు, మోల్‌లు (అణువుల సంఖ్య లెక్క). తాజా ఫెల్డ్‌స్పార్‌కు 50, కేయొలినైట్‌కు 100 వస్తుంది. ఇందులో లెక్కకు రావాల్సింది సిలికేట్ కాల్షియమే. గుల్లల కాల్షియం కలిస్తే సూచీ కిందికి జారుతుంది. సముద్రపు ఉప్పూ ఇదే అన్యాయం చేస్తుంది. గ్రాము పొడి మట్టికి గ్రాము సముద్రపు నీరున్న బురదను అలాగే ఎండబెడితే 1.1 శాతం దాకా సోడియం అందులోనే ఉండిపోతుంది. పైపటలంలో మొత్తం సోడియం ఉండేదే 2.4 శాతం. అందుకే సీఐఏ కోసం పక్కన పెట్టిన భాగాన్ని డీఅయోనైజ్డ్ (లవణాలు తీసేసిన) నీటితో రెండు మూడుసార్లు కడిగి, ప్రతిసారీ సెంట్రిఫ్యూజ్ చేయాలి (వేగంగా తిప్పి నీటిని వేరుచేయాలి). లోహాలు ఏయే రూపాల్లో అంటుకుని ఉన్నాయో చూసే భాగాన్ని మాత్రం కడగొద్దు, వదులుగా అంటుకున్నవి నీటితోనే పోతాయి.

అపోహ: ద్రవరాజంలో (నైట్రిక్, హైడ్రోక్లోరిక్ ఆమ్లాల మిశ్రమం) మరిగిస్తే మొత్తం లోహం బయటికొస్తుంది.

వాస్తవం: రాదు. సిలికేట్లలో బిగిసినది, క్రోమైట్‌లోని క్రోమియం మిగిలిపోతాయి. మొత్తం కావాలంటే హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం తప్పదు. ద్రవరాజంతో వచ్చిన జింకును ఎక్స్‌ఆర్‌ఎఫ్ అల్యూమినియంతో భాగిస్తే ఆ నిష్పత్తికి అర్థం లేదు.

అపోహ: బురదలో చేరిన లోహం ఇక కదలదు.

వాస్తవం: పైన సన్నటి గోధుమ పొర, కింద కుళ్లిన గుడ్డు వాసనేసే నల్లబురద. ఆ నలుపులో లోహం సల్ఫైడ్‌గా బంధించి ఉంటుంది. డ్రెడ్జింగ్‌లో (అడుగు బురదను తవ్వి తీసేటప్పుడు) గాలి తగిలితే సల్ఫైడ్ ఆక్సీకరణ చెంది కాడ్మియం, జింకు వదులవుతాయి. ఓవెన్‌లో ఆరబెట్టినా ఇదే జరుగుతుంది. 105 డిగ్రీల్లో పాదరసమూ ఎగిరిపోతుంది. గ్రాబ్ (అడుగు బురదను పట్టి తెచ్చే పరికరం) గోడలకు తగిలిన మట్టి వదిలేసి మధ్యలోది ప్లాస్టిక్ గరిటెతో తీయండి, గాలి చొరబడకుండా సీసా అంచుదాకా నింపి చల్లగా తీసుకెళ్లండి.