పచ్చ టిక్కు పడితే రివ్యూ అయినట్టేనా? మెయింటెనెన్స్ విశ్లేషణల మీద అపోహలు - వాస్తవాలు

ఆడిట్ దగ్గర పడుతోందంటే మా డిపార్ట్‌మెంట్‌లో ఒక పని జోరుగా సాగుతుంది. రిలయబిలిటీ సాఫ్ట్‌వేర్ తెరిస్తే రివ్యూ గడువు దాటిన విశ్లేషణలన్నీ ఎర్రగా కనిపిస్తాయి. ఒక్కోదాన్నీ తెరవడం, కిందకి జరపడం, "రివ్యూ పూర్తి" నొక్కడం. టీ వచ్చేలోపు నలభై పంపులు పచ్చబడతాయి. నేనూ ఇలా చేసినవాణ్ణే, అందుకే ధైర్యంగా రాస్తున్నాను.

కొత్తగా వచ్చినవాళ్ల కోసం ఒక్క మాట. విశ్లేషణ అంటే ఈ యంత్రం ఏం పని చేయాలి, ఏ రకంగా ఫెయిలవుతుంది, ఎందుకు, అయితే ఏం నష్టం, ముందుగా ఏం చేస్తే ఆపగలం అన్న ప్రశ్నలకి రాసుకున్న జవాబులు. ఆర్‌సీఎం (రిలయబిలిటీ సెంటర్డ్ మెయింటెనెన్స్) అనే విశ్లేషణ పద్ధతికి 1999లో వచ్చిన ఎస్‌ఏఈ జేఏ1011 ప్రమాణంలో ఇవి ఏడు ప్రశ్నలుగా ఉంటాయి. సాఫ్ట్‌వేర్ ఆ జవాబుల్ని భద్రంగా ఉంచుతుంది, అంతే. అవి ఇప్పటికీ నిజమేనా అన్నది దానికి తెలియదు.

అపోహ: తేదీ మారింది కాబట్టి రివ్యూ అయింది.

రెండు పంపులున్నాయి, ఏ, బీ. విశ్లేషణ రాసిన రోజుల్లో వాటిని వారం వారం మార్చి నడిపేవాళ్లు. తర్వాత ఏ పంపుకి కొత్త సీల్ పడింది, చుక్క కారడం లేదు. ఇక దాన్ని ఆపడానికి ఆపరేటర్లకి మనసొప్పలేదు. బీ ఎనిమిది నెలలు కదలకుండా ఉండిపోయింది. ఈ మధ్యలో రివ్యూ ఒకసారి "పూర్తయింది" కూడా. ఒకరాత్రి ఏ ట్రిప్ అయింది. బీ స్టార్టయింది కానీ బేరింగ్ శబ్దం వినగానే షిఫ్ట్ ఇంచార్జి దాన్నీ ఆపించారు. నడవని యంత్రానికి పక్క యంత్రం వైబ్రేషన్ తగులుతూ ఉంటే, బేరింగ్ బంతులు కూర్చున్న చోటే గుంటలు పడతాయి. షాఫ్ట్ అప్పుడప్పుడూ చేత్తో తిప్పినా కొంత నయం.

ఇక్కడ విశ్లేషణలో తప్పు రాయలేదు. రాసినప్పుడు అది నిజమే. వారం వారం మారుస్తుంటే బీ పాడైన సంగతి మహా అయితే వారంలో బయటపడుతుంది. స్టాండ్‌బైగా వదిలేస్తే ఆ ఫెయిల్యూర్ కంటికి కనపడదు, అవసరం పడ్డ రోజే తెలుస్తుంది. అంటే దాని వర్గమే మారిపోయింది, చేయాల్సిన పనీ మారాలి. ఇలాంటి వాటికి ఎన్నాళ్లకోసారి నడిపి చూడాలన్నదానికి ఒక తేలిక లెక్క ఉంది: ఎంత శాతం సమయం అది పనికిరాకుండా ఉన్నా మనం ఒప్పుకుంటామో దాన్ని ఎంటీబీఎఫ్‌తో (రెండు ఫెయిల్యూర్ల మధ్య సగటు కాలం) గుణించి, రెండింతలు చేయాలి. సగటున పదేళ్లకోసారి పాడయ్యే పంపు, 5 శాతం ఒప్పుకుంటే 2 × 0.05 × 10, అంటే ఏడాదికోసారి. ఒప్పుకునేది 1 శాతమే అయితే రెండున్నర నెలల్లోపే. ఇది యాదృచ్ఛికంగా వచ్చే ఫెయిల్యూర్లకే సరిపోతుంది. మా బీ లాగా ఊరికే కూర్చుని పాడయ్యేదానికి ఈ లెక్క చాలదు, దాన్ని తరచూ తిప్పాల్సిందే.

అందుకే రివ్యూలో నేను మొదట చూసేది ఫెయిల్యూర్ల పట్టిక కాదు, యంత్రం ఎలా నడుస్తోంది అన్న పేరా. చాలా విశ్లేషణల్లో ఆ పేరా ఖాళీగా ఉంటుంది.

అపోహ: ఒకే మోడల్ కాబట్టి ఒకే విశ్లేషణ సరిపోతుంది.

టెంప్లేట్ కాపీ చేయడం తప్పు కాదు, కాపీ చేసి వదిలేయడమే తప్పు. ఒకే కంపెనీ, ఒకే సైజు పంపు. ఒకటి డీఎం వాటర్ (లవణాలు తీసేసిన శుద్ధమైన నీళ్లు) తోడుతుంది, రెండోది కాలువ నీళ్లు. వరద రోజుల్లో కాలువకి ఎర్రనీళ్లు వస్తాయి, ఆ ఇసుకకి ఇంపెల్లర్ అరుగుతుంది. డీఎం పంపు విశ్లేషణలో "అరుగుదల" అన్న లైనే అక్కర్లేకపోవచ్చు.

అపోహ: డేటా ఉంటే భాగం ఎప్పుడు మార్చాలో ఆ గడువు సాఫ్ట్‌వేరే చెబుతుంది.

ఎక్కువమంది తెలివైనవాళ్లు బోల్తా పడేది ఇక్కడే. పాత వర్క్ ఆర్డర్ల తేదీలు ఇస్తే సాఫ్ట్‌వేర్ వీబుల్ గీత (వయసుతో పాటు ఫెయిలయ్యే అవకాశం ఎలా మారుతుందో చూపేది) గీసి, దాని తీరు చెప్పే బీటా విలువ ఇస్తుంది. బీటా 1 కన్నా తక్కువైతే మొదట్లోనే పాడయ్యే రకం, 1 దగ్గరుంటే ఎప్పుడైనా పాడయ్యే రకం, 1 దాటి పైకి పోతే వయసుతో అరిగే రకం. వినడానికి బాగుంది.

ఒక పంపు బేరింగ్ రెండేళ్లకోసారి పీఎంలో (పాడవకముందే గడువు ప్రకారం చేసే మెయింటెనెన్స్) మార్చేస్తున్నాం అనుకోండి. ఒక్కటీ పాడవలేదు, బాగున్నవాటినే తీసి కొత్తవి వేశాం. ఆ వర్క్ ఆర్డర్లన్నీ ఫెయిల్యూర్లుగా సాఫ్ట్‌వేర్‌లో పడ్డాయి. అది చూసి ఏమంటుంది? "ఈ బేరింగ్ సరిగ్గా రెండేళ్లకి పాడవుతోంది, బీటా చాలా ఎక్కువ, కాబట్టి రెండేళ్లలోపే మార్చండి." మనం పెట్టిన గడువే సాక్ష్యంగా మన ముందుకి తిరిగొచ్చింది! తన కేసులో తనే జడ్జి అయినట్టు.

పాడవకుండా తీసినవాటిని సస్పెన్షన్‌గా నమోదు చేయాలి, అంటే "ఇంతకాలం బతికింది, ఇంకా బతికేదేమో" అని. అన్నీ సస్పెన్షన్లే అయితే సాఫ్ట్‌వేర్ గీత గీయలేక చేతులెత్తేస్తుంది. నిజాయితీ గల జవాబు అదే. అప్పుడు తీసిన బేరింగుల్ని విప్పి చూడాలి. రేసులు (బంతులు దొర్లే దారులు) అద్దంలా ఉంటే ఒక్క పంపుకి వైబ్రేషన్ రీడింగులు పెట్టుకుని గడువు రెండున్నరేళ్లకి పొడిగించి చూడొచ్చు.

ఇక ఆ వర్క్ ఆర్డర్లలో ఏముంటుందో కూడా చెప్పుకోవాలి. డ్యామేజ్ కోడ్ జాబితాలో "ఇతరములు" అని ఒకటుంటుంది. రాత్రి రెండింటికి పని ముగించిన ఫిట్టర్‌కి ఆ జాబితాలో అన్నిటికన్నా ముద్దొచ్చేది అదే. అతన్ని తిట్టి లాభం లేదు, మనం అరవై కోడ్‌లు పెట్టాం. పదికి కుదించాక మాకు డేటా కొంచెం నమ్మేలా తయారైంది.

అపోహ: ఎంటీబీఎఫ్ ఐదేళ్లు అంటే ఐదేళ్లు ఢోకా లేదు.

యాదృచ్ఛికంగా పాడయ్యే రకమైతే ఐదేళ్లు నిండేసరికి వందలో దాదాపు 37 మాత్రమే మిగులుతాయి. అది సగటు, గ్యారంటీ కాదు.

అపోహ: పీఎం పెంచితే భద్రం, తీసేస్తే రిస్క్.

రివ్యూ అంటే కొత్త పనులు చేర్చడమే అన్నట్టు నడుస్తుంది మన దగ్గర. తీసేస్తే, రేపు ఏదైనా అయితే సంతకం ఎవరిది అన్న టెన్షన్. విమానాల వాళ్లు ఈ భయాన్ని ఎప్పుడో దాటారు. యునైటెడ్ ఎయిర్‌లైన్స్‌కి చెందిన నౌలాన్, హీప్ 1978లో అమెరికా రక్షణ శాఖకి ఇచ్చిన నివేదికలో ఈ మార్పు కనిపిస్తుంది: పాత డీసీ-8 విమానానికి మొదట్లో 339 భాగాలకి గడువు ప్రకారం ఓవర్‌హాల్ పెడితే, తర్వాత వచ్చిన డీసీ-10కి అలాంటివి ఏడే. వాళ్లు చూసిన విమాన భాగాల్లో వయసుతో అరిగే తీరువి 11 శాతం. 68 శాతం మొదట్లో ఎక్కువగా పాడై తర్వాత నిలకడగా ఉండే తీరువి. వాటిని ఊరికే విప్పి బిగిస్తే ప్రమాదం మళ్లీ మొదటికొస్తుంది.

ఆ 11 శాతాన్ని మన పంపులకి అతికించకండి, అదీ అపోహే. ఇసుక నీళ్లు తోడే ఇంపెల్లర్ అరుగుతుంది, అందులో సందేహం లేదు. కానీ నెలనెలా మోటారు బేరింగ్‌కి గ్రీజు కొట్టించి, గ్రీజెక్కువై బేరింగ్ వేడెక్కితే, "గ్రీజింగ్ చాల్లేదు" అని పదిహేను రోజులకి మార్చడం నేను కళ్లారా చూశాను.

అపోహ: ఆర్‌పీఎన్ వందకి చేరితేనే పట్టించుకోవాలి.

ఆర్‌పీఎన్ (రిస్క్ ప్రయారిటీ నంబర్) అంటే ఒక్కో ఫెయిల్యూర్‌కి ఇచ్చే మూడు మార్కుల గుణకారం. తీవ్రత 10, వచ్చే అవకాశం 2, పసిగట్టడంలో కష్టం 2 అయితే 40. తీవ్రత 4, మిగతావి 5, 5 అయితే 100. మొదటిదాంట్లో మనిషి పోవచ్చు, రెండోదాంట్లో ఉత్పత్తి కాస్త తగ్గుతుంది. కార్ల పరిశ్రమ 2019లో తెచ్చిన ఏఐఏజీ-వీడీఏ హ్యాండ్‌బుక్‌లో ఈ గుణకారాన్ని పక్కనపెట్టి, తీవ్రతకి పెద్దపీట వేసే పట్టిక పెట్టారు.

అపోహ: సాఫ్ట్‌వేర్‌లో మార్చాం, ఫీల్డ్‌లో మారిపోయింది.

బీ పంపు గొడవ తర్వాత విశ్లేషణ దిద్దాం. వారానికోసారి పంపులు మార్చాలి, స్టాండ్‌బై షాఫ్ట్ తిప్పాలి అని రాశాం, ఆమోదం వచ్చింది, పచ్చబడింది. రెండు నెలల తర్వాత పంప్‌హౌస్‌లో మా పెద్ద ఫిట్టర్‌ని అడిగాను, "బాబాయ్, షాఫ్ట్ తిప్పుతున్నారా?" అని. "ఏ షాఫ్ట్ సార్? మాకు అలాంటి ఆర్డరేం రాలేదే" అన్నాడు. విశ్లేషణ ఒక చోట, శాప్‌లో (ఫిట్టర్లకి పని ఆర్డర్లు వెళ్లే సాఫ్ట్‌వేర్) మెయింటెనెన్స్ ప్లాన్ ఇంకో చోట. ఒకదాన్నుంచి రెండోదానికి పని పంపే మెట్టు ఎవరూ ఎక్కలేదు. దీనికి అద్దంలో ప్రతిబింబం లాంటి తప్పు ఇంకోటుంది: కొత్త ప్లాన్ వెళ్తుంది, పాతది ఆగదు, ఒకే పనికి రెండు ఆర్డర్లు వస్తాయి.

ఇప్పుడు శాప్ ప్లాన్ నంబరు పక్కన పెట్టుకుని, పంప్‌హౌస్‌కి ఒకసారి వెళ్లొచ్చాకే "రివ్యూ పూర్తి" నొక్కుతున్నాను. పని మార్చినా, మార్చకుండా ఉంచినా ఎందుకో రెండు లైన్లు రాస్తున్నాను. ఈ నెల నా నలభైలో ఆరే పచ్చబడ్డాయి. మేనేజర్ గారు మిగతా ముప్ఫైనాలుగు ఎప్పుడని అడిగారు. రేపు కాలువ నీళ్ల పంపు దగ్గరికి మీరూ రండి సార్ అన్నాను.