ఫాల్క్ కన్నా ముందే వచ్చిన రూలు

అమెరికన్ ఫుట్‌బాల్ పాత స్టార్ మార్షల్ ఫాల్క్‌ను 2025లో కొలరాడో యూనివర్సిటీ రన్నింగ్ బ్యాక్స్ (బంతి పట్టుకుని పరిగెత్తేవాళ్లు) కోచ్‌గా తీసుకుందనగానే పాత గొడవ మళ్లీ లేచింది. కాలేజీలో గానీ ప్రొఫెషనల్ లీగ్ అయిన ఎన్‌ఎఫ్‌ఎల్‌లో గానీ ఎన్నడూ కోచ్‌గా చేయని మనిషికి, స్టార్ అయినంత మాత్రాన, నేరుగా అసిస్టెంట్ కోచ్ కుర్చీ ఎలా ఇస్తారని ఒక వర్గం అడిగింది. ఆట తెలిసినవాడు ఆట నేర్పలేడా అన్నది రెండో వర్గం మాట.

కొలరాడో హెడ్ కోచ్, తనూ ఒకప్పటి స్టారే అయిన డియాన్ శాండర్స్ హడావుడి, ఆయన వెంట కాలేజీ ఉన్న బౌల్డర్‌కు తరలివచ్చిన కెమెరాల గురించి కొత్తగా చెప్పేదేమీ లేదు. ఆయనా ఫాల్క్ 2011లో ఒకే బ్యాచ్‌లో ఆట దిగ్గజాల జాబితా అయిన హాల్ ఆఫ్ ఫేమ్‌కి ఎంపికయ్యారు. అందుకని చాలామంది దీన్ని దోస్తీ ఉద్యోగమని తేల్చేశారు. దోస్తీ లేదని ఎవరూ అనలేరు. అయితే ఇలాంటి దోస్తీలు ఇరవై ఏళ్ల కిందటా ఉండేవి, ఇవ్వడానికి ఖాళీలే ఉండేవి కావు.

కాలేజీ ఆటలను నడిపే ఎన్‌సీఏఏ రూలు ప్రకారం 2017 సీజన్ దాకా పెద్ద జట్లలో హెడ్ కోచ్ కింద అసిస్టెంట్లు తొమ్మిది మందే. 2018 జనవరి నుంచి పదో మనిషికి అనుమతి వచ్చింది. వీళ్లు కాక చదువుకుంటూ పనిచేసే గ్రాడ్యుయేట్ అసిస్టెంట్లు కొద్దిమంది. మిగతా సిబ్బంది ఎనలిస్టులు కావచ్చు, మరో హోదా ఏదైనా కావచ్చు, వీడియోలు చూసి నోట్సు రాసుకోవచ్చు గానీ ప్రాక్టీసులో కుర్రాడి దగ్గరికెళ్లి "మోచెయ్యి లోపలికి పెట్టు" అనడానికి వీల్లేదు. మయామీ యూనివర్సిటీ తన పాత హీరో ఎడ్ రీడ్‌ను 2020లో వెనక్కి తెచ్చుకుని "చీఫ్ ఆఫ్ స్టాఫ్" అని పేరు పెట్టింది. ఎన్‌ఎఫ్‌ఎల్ చరిత్రలోని గొప్ప సేఫ్టీల్లో (డిఫెన్స్‌లో అందరికన్నా వెనక ఆడేవాళ్లు) ఒకడు పక్కనే ఉన్నా ప్రాక్టీసులో సేఫ్టీలకు పాఠం చెప్పకూడదు!

కాబట్టి మైదానంలో నోరు విప్పాలంటే స్టార్ అయినా కింది మెట్టు నుంచే రావాలి. జేమ్స్ లారినైటిస్ అలాగే వచ్చాడు. ఒహాయో స్టేట్‌లో మూడుసార్లు ఆల్ అమెరికన్ (దేశంలోని మేటి కాలేజీ ఆటగాళ్ల జాబితా), ఆ తర్వాత ఎన్‌ఎఫ్‌ఎల్ జట్టు ర్యామ్స్‌లో ఏళ్ల తరబడి డిఫెన్స్ మధ్యలో ఆడే లైన్‌బ్యాకర్. అంతటివాడు 2022లో నోటర్ డామ్‌లో, 2023లో సొంత కాలేజీలో గ్రాడ్యుయేట్ అసిస్టెంట్‌గా చేశాడు. పూర్తి స్థాయి లైన్‌బ్యాకర్స్ కోచ్ అయ్యింది 2024లో. రెండేళ్లు చిన్న పని చేసినందుకు అతని పరువేమీ పోలేదు. కొలరాడోలోనే మరో ఎన్‌ఎఫ్‌ఎల్ మాజీ స్టార్ వారెన్ సాప్ సంగతి చూడండి. వస్తున్నాడన్న మాట 2023లో వినిపించింది, వచ్చింది 2024లో. అదీ 51 ఏళ్ల వయసులో గ్రాడ్యుయేట్ అసిస్టెంట్ హోదాలో.

2024 జూన్‌లో ఎన్‌సీఏఏ ఆ గీత చెరిపేసింది. ఇకపై స్టాఫ్‌లో ఎవరైనా ప్రాక్టీసులోనూ మ్యాచ్‌లోనూ ఆటగాళ్లకు నేర్పవచ్చు. ఊళ్లు తిరిగి ఆటగాళ్లను వెతికి తెచ్చే పని, అంటే రిక్రూటింగ్, మాత్రం హెడ్ కోచ్‌కీ ఆ పదిమందికే. ఫాల్క్ మీద గొడవంతా ఇక్కడ పుట్టిందే అని నా లెక్క. పాఠం చెప్పే పెద్దమనిషిని ఎనలిస్టు పేరుతో పక్కన పెట్టుకోవచ్చు, అతనికి పది కుర్చీల్లో ఒకటి ఇవ్వాల్సిన పనిలేదు. దాంతో ఆ కుర్చీ విలువ రిక్రూట్ ఇంటి తలుపు దగ్గరికి మారింది. ఆ తలుపు తట్టేది ఎవరైతే అమ్మానాన్నలు కాఫీ ఇచ్చి కూర్చోబెడతారు?

ఫాల్క్ చివరి మ్యాచ్ ఆడింది 2005 సీజన్‌లో. ఇప్పుడు హైస్కూల్ చివరి ఏడాదిలో ఉన్నవాళ్లు అప్పటికి పుట్టలేదు. మాడెన్ 2003 వీడియోగేమ్ అట్ట మీద ఫాల్క్ బొమ్మను చూసింది వాళ్ల నాన్నలు.

రిక్రూటింగ్ కోసం స్టార్‌ను తెచ్చిన ప్రయోగం ఇంతకుముందూ జరిగింది. ఆంటొనియో పియర్స్ ఎన్‌ఎఫ్‌ఎల్ ఫైనల్ సూపర్ బౌల్ గెలిచిన లైన్‌బ్యాకర్, పైగా హైస్కూల్లో కోచింగ్ చేసినవాడు. 2018లో అరిజోనా స్టేట్ అసిస్టెంట్‌గా చేరి రిక్రూటింగ్‌కు పెద్ద దిక్కయ్యాడు. కోవిడ్ ఆంక్షల కాలంలో కుర్రాళ్లను క్యాంపస్‌కు రప్పించారన్న విచారణ నడుస్తుండగా 2022లో రాజీనామా చేశాడు. 2024లో ఎన్‌సీఏఏ అతని మీద ఎనిమిదేళ్ల షో కాజ్ వేసింది, అంటే ఆ కాలంలో అతన్ని తీసుకునే కాలేజీ ఎన్‌సీఏఏకి సంజాయిషీ ఇచ్చుకోవాలి. ఫాల్క్ అలా చేస్తాడని కాదు. ఆ కుర్చీ మీద ఒత్తిడి ఎటునుంచి వస్తుందో చెప్పడానికే ఇదంతా.

ఇక రెండో వర్గం వాదన. రన్నింగ్ బ్యాక్స్ కోచ్ పని బయటికి చిన్నగా కనిపిస్తుంది. కుర్రాడు బంతిని పక్కటెముకలకు అదిమి పరిగెడుతుంటే పక్కనుంచి ప్యాడ్‌తో ఆ చేతిమీద కొడుతుండాలి, జారితే మళ్లీ మొదటికి. అంతవరకు ఎవరైనా చేస్తారు. బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ మీదికి ఎవడు ఎటునుంచి దూసుకొస్తాడో బంతి కదలకముందే పసిగట్టి అడ్డం పడటం నేర్పాలి చూడండి, అక్కడుంది తంటా. 1999లో ఒకే సీజన్‌లో పరుగులోనూ క్యాచ్‌ల్లోనూ వెయ్యేసి యార్డులు దాటిన ఫాల్క్‌కు అది వెన్నతో పెట్టిన విద్య. వెన్నతో వచ్చినదాన్ని విప్పి చెప్పడం ఎంత కష్టమో క్లాసులో నిలబడ్డ ఏ మాస్టారినైనా అడగండి.

అతన్ని తెచ్చింది ఏ జబ్బుకో కూడా చూడాలి. 1991లో పసిఫిక్ జట్టు మీద ఫాల్క్ ఒక్క మ్యాచ్‌లో 386 యార్డులు పరిగెత్తాడు. 2024లో కొలరాడో జట్టంతా కలిసి పరిగెత్తింది మ్యాచ్‌కు సగటున 65 యార్డులు, దేశంలోనే అట్టడుగు. కానీ కాలేజీ లెక్కల్లో క్వార్టర్‌బ్యాక్‌ను వెనక పడగొట్టినప్పుడు పోయిన దూరాన్ని కూడా పరుగు ఖాతాలోంచే తీసేస్తారు. ఆ సీజన్‌లో కొలరాడో క్వార్టర్‌బ్యాక్, డియాన్ కొడుకు షెడూర్ శాండర్స్‌ను పదేపదే పడగొట్టారు, అతని ముందు అడ్డంగా నిలబడే లైన్ ఆపలేకపోయింది. ఆ లైన్‌కు కోచ్ వేరే ఉన్నాడు.